పాల జీపుకు బ్రేకు షూలు: జతగానే మార్చవలెను



కొల్లేటి ప్రాంతంలో ఒక సంఘాన్ని తనిఖీ చేసినప్పుడు జీపు ఖాతాలో ఒక బిల్లు చూచాను. ముందు చక్రాలలో ఎడమదానికి మాత్రమే కొత్త షూలు కొన్నారు. "కుడివి ఇంకా పనికొస్తాయండీ, సగం ఖర్చు మిగిలింది" అన్నారు కార్యదర్శిగారు. నెల తిరగకముందే, క్యాన్లతో వస్తున్న ఆ జీపు బ్రేకు తొక్కగానే ఎడమకు లాగి గట్టు దిగిపోయింది. డ్రైవరు బ్రతికి బయటపడ్డాడు. ఆ పూట పాలు మాత్రం నేలపాలయ్యాయి.

40 లీటర్ల క్యాన్లు పది ఎక్కితే, క్యాన్ల బరువు కాక పాలే 410 కిలోల పైన ఉంటాయి. ఆ బరువును ఆపేది నాలుగు డ్రమ్ములలోని షూలే. బుడమేరు, తమ్మిలేరు నీరు కొల్లేటిలోకి దిగే వానకాలంలో బురద డ్రమ్ములో చేరి లైనింగును త్వరగా అరగదీస్తుంది. కనుక వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి విప్పి చూడవలెను. రివిట్ల తలలకు లైనింగు దాదాపు సమంగా అరిగితే మార్చవలసినదే.

మార్చు విధానము:

1. బండిని చదును నేలపై నిలిపి, ఎత్తని చక్రాలకు ముందు వెనుక దిమ్మలు పెట్టవలెను. చాలా పాత జీపులలో హేండ్ బ్రేకు చక్రాలలో ఉండదు, గేరుపెట్టె వెనుక షాఫ్టుపై ఉంటుంది. వెనుక చక్రం ఒకటి పైకి లేస్తే అది బండిని ఆపదు. జాకీ ఒక్కదానినే నమ్మక, క్రింద గట్టి దిమ్మ ఉంచవలెను.

2. షూ సర్దుబాటు వదులు చేసి డ్రమ్ము తీయవలెను. కొన్ని వెనుక డ్రమ్ములు పుల్లరు లేనిదే రావు, సుత్తితో మోదరాదు.

3. లోపలి దుమ్మును ఊదరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడవవలెను.

4. ఒక చక్రం పూర్తయ్యాకే రెండవది విప్పవలెను. స్ప్రింగులు, షూలు ఏది ఎటో తెలియకపోతే విప్పనిది చూచుకోవచ్చు. డ్రమ్ము తీసి ఉండగా పెడలు ఎవరూ తొక్కరాదు, పిస్టన్లు బయటకు వచ్చేస్తాయి.

5. వీల్ సిలిండరు గాని, హబ్ సీలు గాని కారుతుంటే ముందు దానిని బాగుచేయవలెను. నూనె తగిలిన కొత్త షూ కూడా పట్టదు. బ్రేకాయిలు స్థానంలో ఇంజనాయిలు పోయరాదు, రబ్బర్లు ఉబ్బిపోతాయి.

6. చక్రం బిగుసుకొనే వరకు షూలను సర్ది, తిరిగి స్వేచ్ఛగా తిరిగే వరకు వదులు చేయవలెను. గొట్టం విప్పి ఉంటే గాలి తీయించవలెను.

మొదట ఖాళీ బండితో, నెమ్మదిగా ఆపి చూడవలెను. నీళ్ళలో దిగి వచ్చినప్పుడు పెడలు తేలికగా తొక్కుతూ కొంత దూరం పోతే తడి ఆరుతుంది.

ఒకే ఇరుసుపై రెండు చక్రాలకూ షూలు కొన్న బిల్లుకు నేను ఆక్షేపణ వ్రాయను. ఒక ప్రక్కకే కొన్న బిల్లుకు తప్పక వ్రాస్తాను.

— సహకార ఇన్‌స్పెక్టరు