పగడాల మీద తేలడం

కొత్తపట్నం

స్నేహితులతో స్నార్కెలింగ్‌కు బయలుదేరుతున్న మనవడికి,

స్నార్కెలింగ్ అంటే మునగడం కాదు, తేలడం. కళ్ళకూ ముక్కుకూ కలిపి అద్దాల మాస్క్, నోట్లో గాలి గొట్టం, కాళ్ళకు ఫిన్స్ తగిలించుకొని, ముఖం నీళ్ళలో పెట్టి, బోర్లా తేలుతూ సముద్రం అడుగును చూడటమే ఆ విద్య. ఆంధ్ర తీరంలో ఇందుకు తగిన చోట్లు అరుదు. గోదావరి, కృష్ణ, గుండ్లకమ్మ తెచ్చే ఒండ్రుతో ఒడ్డు నీళ్ళు చాలాచోట్ల మట్టిరంగులో ఉంటాయి. పగడానికి ఎండ చొరబడే తేట నీరు, పట్టు దొరికే గట్టి అడుగు కావాలి. దేశంలో పెద్ద పగడపు దిబ్బలు మన్నార్, కచ్ సింధుశాఖల్లోనూ లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల్లోనూ ఉన్నాయి. వీటిలో అండమాన్ తెలుగువాళ్ళకు పరాయిది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. విశాఖపట్నం నుంచి ఓడ ఉంది. మనకు దగ్గరి ఒంగోలులో రైలెక్కి చెన్నై చేరితే అక్కణ్ణుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఒక్క రోజులో వెళ్ళి తిరిగి రాదగ్గ దీవులు ఆ ఊరికి చుట్టుపక్కలే ఉన్నాయి. రేవుకు ఎదురుగా నార్త్ బే. నైరుతి దిక్కున వాండూర్ దగ్గర, 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సాగర జాతీయ ఉద్యానం. అందులో 15 దీవులు. సందర్శకులను జాలీ బాయ్ దీవికి కొన్ని నెలలు, రెడ్ స్కిన్ దీవికి మిగతా నెలలు పంపుతారు. ఒక దీవిని మూసినంత కాలం అక్కడి పగడాలకు మనుషుల తాకిడి ఉండదు. ఇది మెచ్చుకోదగ్గ ఏర్పాటు. జాలీ బాయ్‌కు ప్లాస్టిక్ తీసుకువెళ్ళనివ్వరు కాబట్టి స్టీలు సీసాలో నీళ్ళు, గుడ్డసంచిలో తిండి ముందే సర్దుకోవాలి. దీవి మీద కొనుక్కోవడానికి ఏమీ దొరకదు. అటవీశాఖ అనుమతి కూడా ముందుగానే తీసుకోవాలి. అండమాన్ తీరాల్లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. హెచ్చరిక బోర్డు పెట్టిన చోట, తాళ్ళతో హద్దు కట్టని చోట నీళ్ళలో దిగే ప్రశ్నే లేదు.

గడియారం ఒకటే అయినా అక్కడ పొద్దు ఒంగోలులో కంటే ముప్పావు గంట ముందే పొడుస్తుంది, అంతే ముందు వాలుతుంది. డిసెంబరులో సాయంత్రం అయిదయ్యేసరికే చీకటి మొదలు. అందుకే పడవలు పొద్దున్నే బయలుదేరతాయి. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు నీళ్ళు తేటగా ఉంటాయి. మే నెలలో నైరుతి గాలులు మొదలైతే సముద్రం మారిపోతుంది.

కొత్తపట్నం ఒడ్డున పెరిగిన కుర్రాడికి అలవాటైన ఈత వేరు. అల పడేస్తే కాలు కింద ఆనించి లేస్తాడు, ఎందుకంటే కింద ఉండేది ఇసుక. పగడపు దిబ్బ మీద ఆ అలవాటే ముప్పు. కింద రాయిలా కనిపించేది ప్రాణమున్న జీవుల గుంపు. ఒక్కొక్కటీ చాలా చిన్నది. దాని ఒంట్లో ఉండే పాచి ఎండతో ఆహారం తయారుచేసి పెడుతుంది. పగడానికి రంగులు వచ్చేది ఎక్కువగా ఆ పాచి వల్లే. గుండ్రంగా బండలా పెరిగే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటుగా మాత్రమే పెరుగుతుంది. మంచం అంత బండకు వంద, రెండు వందల ఏళ్ళు పట్టి ఉండవచ్చు. పూతకొచ్చిన మిరప చేలో మొక్కల మీద నడిచే రైతు ఉండడు; పగడం మీద కాలు పెట్టడం అంతకంటే పెద్ద నష్టం. కాలు పెట్టినవాడికీ క్షేమం కాదు. పగడం గీసిన పుండు త్వరగా మానదు, చీము పడుతుంది. పగుళ్ళలో ముళ్ళ సీ అర్చిన్లు, రాయిలాగే కనిపించే విషపు స్టోన్‌ఫిష్ ఉంటాయి. కాబట్టి అలసిపోయినవాడు కాళ్ళు కిందికి దించకూడదు. వెల్లకిలా తిరిగి, లైఫ్ జాకెట్ మీద భారం వేసి, చెయ్యెత్తి పిలవాలి. ఇది ఒడ్డునే, నడుములోతు ఇసుక నీళ్ళలో అలవాటు చేసుకున్నాకే దిబ్బ మీదికి వెళ్ళాలి.

మాస్క్ సరిపోయిందో లేదో ఒడ్డునే తేలిపోతుంది. పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీలిస్తే అది అంటుకొని నిలవాలి. వెంట్రుకలు అడ్డుపడితే నీళ్ళు కారతాయి; మీసం ఉన్నవాళ్ళు పై అంచు కాస్త కత్తిరించుకుంటే మేలు. అద్దం మీద ఆవిరి పట్టకుండా లోపల ఉమ్ము రాసి కడగడం పాత పద్ధతి, బాగా పనిచేస్తుంది. నీళ్ళలో వస్తువులు మూడోవంతు పెద్దవిగా, పావువంతు దగ్గరగా కనిపిస్తాయి. గొట్టం మూరెడుకు మించదు. ఇంకా పొడుగైతే విడిచిన చెడుగాలే మళ్ళీ లోపలికి వస్తుంది. పొడుగు గొట్టంతో లోతుకు పోతే నీటి బరువుకు రొమ్ము విచ్చుకోదు. ఊపిరి నిదానంగా, నిండుగా తీయాలి. ఎక్కువసేపు మునుగుదామని ముందు గబగబా ఊపిరి పీల్చి వదిలేవాళ్ళున్నారు. అది ప్రాణాంతకం. రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి, గాలి కావాలన్న తహతహ కలగకముందే స్పృహ తప్పుతుంది. మంచి ఈతగాళ్ళూ ఇలా పోతుంటారు.

స్నేహితులు జంటలుగా విడిపోవాలి, ఒకరి కంటికి ఒకరు అందేంత దూరంలో ఉండాలి. ఈత రానివాణ్ణి ఎగతాళి చేసి నీళ్ళలోకి దించడం స్నేహం కాదు. మద్యం తాగినవాణ్ణి ఆ రోజుకు ఒడ్డునే కూర్చోబెట్టాలి. ప్రవాహం లాగితే ఎదురీదకూడదు; ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. కొత్తపట్నంలోనూ ఇదే సూత్రం. ఎండకు వీపు కాలకుండా పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే చాలు. సన్‌స్క్రీన్‌లోని ఆక్సిబెంజోన్ పగడాలకు చేటని హవాయి రాష్ట్రం 2021 నుంచి అలాంటి వాటి అమ్మకాన్ని నిషేధించింది.

దీవి నుంచి తెచ్చుకోవడానికి ఏమీ లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పగడాలున్నాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన ముక్కను సంచిలో వేసుకున్నా నేరమే. పగడాలకు మనుషుల తాకిడి కాక వేరే దెబ్బలూ తగులుతుంటాయి. 2004 డిసెంబరు 26 భూకంపానికి ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి దిబ్బలు గాలికి తేలి చచ్చిపోయాయి. ఆ రోజే సునామీ కొత్తపట్నం తీరాన్నీ తాకింది. 2010 వేసవిలో నీళ్ళు వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లబారాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలాంటి వేడిని ముందే పసిగట్టి హెచ్చరికలిస్తుంది. అలల ఉద్ధృతి సమాచారమూ అదే ఇస్తుంది. ప్రయాణానికి ముందు రోజు రాత్రి అది చూడాలి. సముద్రం బాగాలేదని పడవవాడు చెబితే డబ్బు పోయినా ఆగిపోవాలి.

బయలుదేరేలోగా ఈ ఉత్తరం వెంట వచ్చే స్నేహితులందరికీ చదివి వినిపించాలి.

ఇట్లు,
తాతయ్య