సంఘ పత్రికకు ఏ ఇల్లు మేలు?



మన పత్రికను కాగితముపైననే గాక ఫోనులో కూడ అందజేయవలెనని సభ్యులు పలువురు కోరుచున్నారు. కోరిక మంచిదే. అందుకు సాధనములు అనేకము గలవు. వానిలో దేనిని ఎన్నుకొనవలెను అనునదే ఈనాటి పాఠము. మేము ఒకసారి తొందరపడి నష్టపోయితిమి గనుక ముందుగా ఆ సంగతి చెప్పెదము.

మా అనుభవము

అందరివలెనే మేమును మొదట ఒక వాట్సాప్ గ్రూపు పెట్టితిమి. ఒకనాటి సాయంత్రము, నూలు పంపకపు దినము మారినదని అందులో వ్రాసితిమి. తెల్లవారునప్పటికి శుభోదయపు బొమ్మలు, పుట్టినరోజు దీవెనలు ఆ మాటను కప్పివేసినవి. మూడు కుటుంబములవారు పని మానుకొని, రిక్షా కిరాయి పెట్టుకొని వచ్చి, వట్టి చేతులతో మరలిపోయిరి. వారిలో ఒక పెద్దమ్మ, "గ్రూపుల రాసిన్రు సారూ, మాకెవరు చెప్పిన్రు?" అని అడిగినది. తప్పు ఆమెది కాదు, మాదే. తరువాత కొన్నాళ్లకు కార్యాలయపు ఫోను చెడిపోయినది. పాత సంచికలు, సభ్యుల నంబరులు దానితోనే పోయినవి. పట్టీ మరల వ్రాయుటకు గల్లీ గల్లీ తిరుగవలసి వచ్చినది.

అద్దె ఇల్లు, సొంత ఇల్లు

అద్దె ఇంటి కష్టము మన విడీ ఘర్కుల్ వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. 2006లో గోదుతాయి పరుళేకర్ పేరిట కుంభారిలో 10,000 మంది బీడీ కార్మిక స్త్రీలకు సొంత ఇండ్లు చేతికి వచ్చినవి. పొమ్మను యజమాని లేడను ధైర్యము ఎంతటిదో ఆ ఇండ్లలోని అక్కలకు తెలియును.

ఫోనులోని సాధనములలో అధిక భాగము అద్దె ఇండ్లే. గూగుల్ ప్లస్ 2019లో మూతపడినది. యాహూ గ్రూప్స్ 2020లో మూతపడినది. అదే సంవత్సరము జూన్ నెలలో మన ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించగా, లక్షల మంది ప్రేక్షకులను సంపాదించుకొనినవారు ఒక్క రాత్రిలో వారిని పోగొట్టుకొనిరి. కావున అద్దె ఇంట దిగరాదని కాదు. సామాను మనదై, ఎప్పుడైనను తీసుకొనిపోవుటకు వీలుండవలెను. పత్రికకు సామాను రెండే: పాఠకుల పట్టీ, పాత సంచికలు.

సాధనముల గుణదోషములు

1. వాట్సాప్ గ్రూపు: అందరికిని అలవాటైనది. కాని 1,024 మందికి మించి చేరరాదు. ఒకరి నంబరు అందరికిని కనబడును. మన ఆడపడుచులకు ఇది ఇబ్బంది. ముఖ్యమైన మాట ముచ్చట్లలో మునిగిపోవును.

2. వాట్సాప్ చానెల్: 2023లో మన దేశమునకు వచ్చినది. ఇందులో సంఘము మాత్రమే వ్రాయును, కావున ప్రకటన మునిగిపోదు. చదువువారి నంబరులు ఒకరికొకరికి కనబడవు. అయితే మనకును అవి చేతికి రావు. చానెల్ పోయినచో పట్టీ కూడ పోయినట్లే.

3. టెలిగ్రామ్ చానెల్: చేరువారి సంఖ్యకు పరిమితి లేదు. క్రొత్తగా చేరినవారు పాత సంచికలను కూడ చూడవచ్చును. కాని మన పెద్దల ఫోనులలో ఇది అరుదు.

4. ఈమెయిల్ లేఖలు: సబ్‌స్టాక్ వంటి సేవలలో పాఠకుల పట్టీని మనము దించుకొనవచ్చును. ఉచిత లేఖకు రుసుము లేదు. చందా పెట్టినచో వసూలులో నూటికి 10 వంతులు వారు తీసుకొందురు. దూరపు వ్యాపారులకు ఇది తగును. ఈమెయిల్ తెరచి చూచు అలవాటు మన మగ్గముల యొద్ద తక్కువ.

5. సొంత పేరుగల వెబ్‌సైటు: పేరునకు ఏటేటా కొంత రుసుము కట్టవలెను. ఆ పేరు మనదిగా నుండును. లోపలి సేవ మార్చుకొనినను పాఠకుడు అదే గుమ్మమునకు వచ్చును.

మా నిర్ణయము

సంచికలన్నియు సొంత వెబ్‌సైటులో నిలువ చేయవలెను. సంచిక వచ్చినదను కబురు వాట్సాప్ చానెల్ ద్వారా పోవలెను. ప్రశ్నలకు, జవాబులకు మాత్రము గల్లీవారీగా చిన్న గ్రూపులు ఉండవలెను. వారమున ఒక దినము, ఒక గంట నిర్ణయించి కార్యదర్శి అందులో జవాబు చెప్పవలెను. జవాబు లేని ప్రశ్నలపెట్టె పెట్టుటకంటె పెట్టకుండుటయే మేలు. నూలు, కూలి, దరఖాస్తు గడువులకు సంబంధించిన కబురు నోటీసు బోర్డుపై కూడ అంటించి, ఫోను లేని ఇండ్లకు మనిషి ద్వారా చెప్పింపవలెను.

మరి మూడు జాగ్రత్తలు గలవు. మొదటిది లిపి. అను ఫాంటులలో కూర్చిన తెలుగు ఇతరుల ఫోనులలో పిచ్చి గీతలుగా కనబడును; యూనికోడ్‌లోనే కూర్చవలెను. రెండవది చదువు. మన పిల్లలలో అనేకులు మరాఠీ బడులలో చదివినవారు. తెలుగు మాటలాడుదురు గాని లిపి చదువలేరు. కావున ప్రతి ముఖ్య వార్తను చదివి, గొంతు ముద్రించి పంపవలెను. బీడీలు చుట్టు అక్కలకును చేతులు ఖాళీ ఉండవు, చెవులుండును. మూడవది పట్టీ. సభ్యుని అనుమతి లేనిదే నంబరు వ్రాసికొనరాదు. వ్యక్తుల వివరముల రక్షణకు 2023లో చట్టము కూడ చేయబడినది. పట్టీని పుస్తకములో ఒక ప్రతి, కంప్యూటరులో ఒక ప్రతి ఉంచి, నెలకొకసారి సరిచూడవలెను. తాళపుమాట ఒక్కరి యొద్దనే యుండరాదు; ఇద్దరు పదాధికారులకు తెలిసియుండవలెను.

సమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. నేడు మన ఫోను పోయినచో రేపు ఎందరు సభ్యులకు కబురు చెప్పగలము?
2. మీ గల్లీలో తెలుగు లిపి చదువలేనివారెందరు? ఫోను లేని ఇండ్లెన్ని?
3. మీ గల్లీ ప్రశ్నలను సేకరించు బాధ్యత ఎవరు తీసుకొందురు?

ఇండ్లవారీగా లెక్క వ్రాసి కార్యాలయమున ఇచ్చిన యెడల పట్టీ పని ఆరంభింపగలము. ఇకమీదట ఆ పెద్దమ్మవలె ఎవరును వట్టి చేతులతో మరలిపోకుండుటయే ఈ పనికి ఫలము.

— కార్యదర్శి