హైదరాబాదు నుండి దుబాయికి: దూరమెంత? కాలమెంత?

మన గ్రామములనుండి, ముఖ్యముగా కరీంనగరు, నిజామాబాదు, కోనసీమ ప్రాంతములనుండి, బ్రతుకుతెరువునకై గల్ఫు దేశములకు పోవువారు అనేకులు కలరు. టిక్కెట్టు చేతికి రాగానే దానిని చదివి చెప్పుమని వారిలో పలువురు పంచాయతీ సభ్యులను ఆశ్రయింతురు. అందలి కాలమును సరిగా గ్రహింపనిచో విమానము తప్పిపోవును. అప్పుచేసి కొన్న టిక్కెట్టు వ్యర్థమగును. కావున ఈ విషయమును కొంత వివరముగా తెలిసికొందము.

శంషాబాదు విమానాశ్రయమునుండి దుబాయికి ఆకాశమార్గమున దూరము సుమారు 2,550 కిలోమీటర్లు. పాఠశాలలోని గ్లోబుపై ఈ రెండు ఊళ్ల నడుమ దారమును బిగించి పట్టినచో ఈ దగ్గర దారి కనబడును. వాతావరణమును బట్టియు, అనుమతించిన మార్గమును బట్టియు విమానము కొంత చుట్టు తిరిగి పోవుటయు కలదు.

ఇక కాలము. విమానవేగము గంటకు 850 కిలోమీటర్లనుకొందము. మీది ఆకాశమున, ముఖ్యముగా శీతకాలములో, పడమటినుండి తూర్పునకు బలమైన గాలి వీచును. ఆ గాలివేగము 80 కిలోమీటర్లయినచో, పోవునపుడు ఎదురుగాలివలన వేగము 770కి తగ్గి 3 గంటల 20 నిమిషములు పట్టును. వచ్చునపుడు వాలుగాలివలన వేగము 930కి పెరిగి 2 గంటల 45 నిమిషములు చాలును. నేలపై నడచుటకు, పైకెక్కుటకు, దిగుటకు మరి అరగంటయో ముప్పావుగంటయో చేర్చవలెను. మొత్తముమీద పోవుటకు సుమారు 4 గంటలు, వచ్చుటకు సుమారు మూడున్నర గంటలు అగును.

కాని టిక్కెట్టు చూచినచో పోవుటకు రెండున్నర గంటలు, వచ్చుటకు ఐదు గంటలు అన్నట్లు తోచును. కారణమేమనగా, టిక్కెట్టుపై ఏ ఊరి కాలము ఆ ఊరిదే. మన దేశకాలము కాకినాడకు సమీపముగా పోవు 82½ డిగ్రీల రేఖను బట్టి నిర్ణయింపబడినది. దుబాయి కాలము 60 డిగ్రీల రేఖది. డిగ్రీకి 4 నిమిషముల చొప్పున 22½ డిగ్రీలకు 90 నిమిషములు. అనగా మనకు ఉదయము 10 గంటలైనపుడు అచ్చట ఎనిమిదిన్నర. ఒమానుకును ఇదే లెక్క. కువైటు, సౌదీ అరేబియా, బహ్రెయిన్, ఖతరు దేశములు మనకంటె రెండున్నర గంటలు వెనుక.

అన్నిటికంటె ముఖ్యమైనది తేదీ. మన పంచాంగమున వారము సూర్యోదయముతో మారును. టిక్కెట్టున తేదీ అర్ధరాత్రితో మారును. “10వ తేదీ 00.30” అని యున్నచో, మనవారు 9వ తేదీ రాత్రి పన్నెండున్నర అని చెప్పుకొను వేళయే అది. విదేశయానమునకు మూడు గంటల ముందు విమానాశ్రయమున నుండుట మంచిది. కావున ప్రయాణికుడు 9వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకే శంషాబాదు చేరవలెను. దూరపు గ్రామమువాడు ఆ మధ్యాహ్నమే ఇల్లు విడువవలెను. 10వ తేదీ రాత్రి బయలుదేరినచో, విమానము అంతకు ముందటి రాత్రియే పోయియుండును.

పంచాయతీ సభ్యులు టిక్కెట్టు చూచినపుడు మూడు విషయములు కాగితముపై వ్రాసి కుటుంబమువారికి ఈయవలెను: ఇల్లు విడువవలసిన తేదీ, వేళ, విమానము బయలుదేరు వేళ, అచ్చట దిగు వేళ, మన కాలమునందు, వారి కాలమునందు. ఇందుచేత ప్రయాణికుని సొమ్ము దక్కును, ఇంటివారికి ఆందోళన తప్పును.