రాళ్ల మీద మొలిచినవి అనిమోన్ పిల్లలేనా?

ప్రశ్న: కొళత్తూరులో కొని ఉప్పునీటి తొట్టిలో పెట్టిన అనిమోన్ రోజుకో చోటికి జరుగుతోంది, రంగు వెలిసిపోతోంది. రాళ్ల మీద గోధుమరంగువి చిన్నవి మొలిచాయి. దాని పిల్లలేనా?
– ఒక పాఠకుడు, తిరుత్తణి

జవాబు: మీ వర్ణనను బట్టి పిల్లలు కాకపోవచ్చు. సన్నటి పొడవాటి తీగలతో, ముట్టుకోగానే రాతి సందులోకి ముడుచుకుంటే అది ఐప్టేసియా అనే కలుపు. దాన్ని గీకొద్దు, కోయొద్దు. చిన్న ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుంది. సిరంజితో చిక్కటి సున్నపు ద్రావణం (కాల్క్‌వాసర్) నోట్లోకి ఎక్కించండి. పెప్పర్‌మింట్ రొయ్యలు కూడా తింటాయి.

మీరు కొన్నదాని తీగల కొసలు బుడగల్లా ఉబ్బి ఉంటే బబుల్ టిప్. దానికి పాదం దాచుకునే రాతి సందు కావాలి. పొట్టి తీగలతో చాపలా పరుచుకుంటే కార్పెట్ అనిమోన్. దానికి ఇసుక కావాలి. చోటు, వెలుతురు, నీటి ప్రవాహం నచ్చకపోతే అనిమోన్ కదులుతుంది. పంపు నోటికి స్పాంజి తొడగండి, చిక్కుకుంటే నుజ్జయి నీళ్లన్నీ పాడుచేస్తుంది.

తెల్లబడటమంటే ఒంట్లో ఉండి ఆహారమిచ్చే నాచుకణాలు పోవడం. మీ ఊరి ఎండలకు తొట్టి నీరు వేడెక్కడం ఓ కారణం కావచ్చు. 25–27 డిగ్రీల మధ్య ఉండేలా ఫ్యానో చిల్లరో పెట్టండి. లవణసాంద్రత 1.025 దగ్గర నిలపండి. ఆవిరైన మేరకు ఆర్‌ఓ నీళ్లే పోయండి, బోరునీళ్లు వద్దు. కోలుకునేదాకా వారానికి రెండుసార్లు గోరంత పచ్చిరొయ్య ముక్క పెట్టండి. ఉమ్మేస్తే వెంటనే తీసేయండి. నోరు తెరుచుకునే ఉండి, కుళ్లు వాసన వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా బయటికి తీసి, సగం నీళ్లు మార్చండి.