మంద వెంట తిరిగే వ్యానుకు సోలారు కరెంటు

వరి కోతలు అయిపోగానే జీవాలను తోలుకుని మాగాణి ఊళ్లకు వలస వెళ్లే కాపరులు ఇదివరకు కొత్తగా పుట్టిన పిల్లల్ని గంపల్లో పెట్టుకుని మోసేవారు. 2005లో టాటా ఏస్ బండి మార్కెట్లోకి వచ్చాక పరిస్థితి మెల్లగా మారింది. ఇప్పుడు చాలా మందల వెనక ఒక చిన్న ట్రాలీ వ్యాను కనిపిస్తుంది. వంట సామాను, నీళ్ల డ్రమ్ములు, దొడ్డి కట్టే వలలు, నడవలేని పిల్లలు అన్నీ అందులోనే. రాత్రి పడక కూడా అందులోనే. నాలుగైదు నెలల పాటు ఆ వ్యానే ఇల్లు.

ఇంటికి దీపం కావాలి కదా. చూడి గొర్రెలు ఎక్కువగా రాత్రిళ్లే ఇబ్బంది పెడతాయని కాపరులకు చెప్పనక్కర్లేదు. దొంగల భయం, కుక్కల భయం, పాముల భయం కూడా రాత్రిదే. జీవాలకు 1962, మనిషికి 108 అని నెంబర్లు అందరికీ తెలుసు. కానీ ఫోను చచ్చి ఉంటే ఆ నెంబర్లు ఎందుకు పనికొస్తాయి?

అందుకని కొందరు మంద కట్టించుకున్న రైతు మోటారు స్టార్టరు డబ్బా నుంచి వైరు లాగుతారు. ఇంకొందరు తీగల మీదికి కొక్కెం వేస్తారు. తడి నేల, అతుకుల వైరు, చీకటి. ఒక్క బల్బు కోసం ప్రాణం మీదికి తెచ్చుకునే పని ఇది. దీనికి బదులు వ్యానుకు ఒక చిన్న సోలారు ఏర్పాటు చేసుకోవచ్చు. పెద్ద చదువు అక్కర్లేదు. అయితే లెక్క తప్పితే డబ్బు పోతుంది, వైరు తప్పితే వ్యానే పోతుంది. ఈ వారం ఆ రెండింటి గురించే చెప్పుకుందాం.

ముందు లెక్క, తర్వాతే కొట్టు

చాలామంది నేరుగా కొట్టుకు వెళ్లి "ఒక సోలారు సెట్టు ఇయ్యన్నా" అంటారు. వాళ్లు ఉన్నదేదో అంటగడతారు. అట్లా కాకుండా, ఇంట్లోనే ఒక కాగితం తీసుకుని మకాంలో ఏమేమి వాడతారో రాసుకోండి. వస్తువు ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు అనేది గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. వెయ్యి వాట్ అవర్లు కలిస్తే మన కరెంటు బిల్లులో ఉండే ఒక యూనిట్టు.

ముగ్గురు మనుషులున్న మకాం ఒకటి తీసుకుందాం. వంట దగ్గర, వ్యాను లోపల 5 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు రెండు, రోజుకు 5 గంటలు వెలిగితే 50. దొడ్డి మీద 3 వాట్ల బల్బు రాత్రంతా, అంటే 10 గంటలు, 30. పెద్ద ఫోన్లు రెండు ఒకసారి నిండా చార్జి కావడానికి 50, మీటల ఫోనుకు 5. చేతి టార్చికి 10. నేరుగా 12 వోల్టుల మీద తిరిగే 15 వాట్ల చిన్న ఫ్యాను 6 గంటలకు 90. మొత్తం 235. మనం 240 అనుకుందాం. అంటే పావు యూనిట్టు కూడా కాదు.

ఇక్కడ ఫ్యాను సంగతి చూడండి. ఇంట్లో వాడే టేబుల్ ఫ్యాను 50 వాట్ల పైనే ఉంటుంది. దాన్ని వ్యానులో తిప్పాలంటే మధ్యలో ఇన్వర్టరు కావాలి. ఇన్వర్టరు ఖాళీగా ఉన్నా కొంత కరెంటు తనే తింటుంది. ఆరు గంటలకు అన్నీ కలిపి 350 దాటుతుంది. అంటే ఆ ఒక్క ఫ్యాను కోసం ప్లేటూ, బ్యాటరీ రెండింతలు కొనాలి. కాబట్టి బల్బులు, ఫ్యాను, ఫోను చార్జరు అన్నీ 12 వోల్టులవే తీసుకోండి. లారీ సామాను కొట్లలో దొరుకుతాయి. ఇన్వర్టరు మాట మరచిపోండి.

వంద వాట్ల ప్లేటు వంద వాట్లు ఇవ్వదు

కాలవ గట్టున మకాం వేసిన ఒక కాపరి నన్ను అడిగాడు: "సారూ, వంద వాట్ల ప్లేటని రాసుంది, పన్నెండు గంటలు ఎండ కాస్తది. పన్నెండు వందలు రావాల్నా, వద్దా?" న్యాయమైన ప్రశ్నే. కానీ ప్లేటు వెనక రాసిన వంద వాట్లు కంపెనీలో పరీక్ష పెట్టినప్పటి లెక్క. మండుటెండ నిటారుగా పడాలి, ప్లేటు మాత్రం 25 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మన ఎండలో ప్లేటు 65 డిగ్రీలకు కాగుతుంది. 25 దాటాక ప్రతి డిగ్రీకీ సుమారు 0.4 శాతం శక్తి తగ్గుతుంది. అంటే ఒక్క వేడి వల్లే వందలో 16 పోయినట్టు. దుమ్ము, వైరు, కంట్రోలరు, ప్లేటు ఎండకు ఎదురుగా లేకపోవడం, ఇవన్నీ కలిపి మూడో వంతు పోతుందనుకోవాలి.

ఇక గంటలు. పొద్దున, సాయంత్రం ఎండకు బలం ఉండదు. రోజంతా పడిన ఎండను మండుటెండ లెక్కలోకి మారిస్తే మన ప్రాంతంలో ఎండాకాలం ఐదున్నర గంటలు, మబ్బుల రోజుల్లో నాలుగు గంటలు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. నాలుగు గంటలతోనే లెక్క వేసుకోవడం మంచిది. 100 వాట్లను 4తో గుణించి, అందులో 65 శాతం తీసుకుంటే 260. మనకు కావలసింది 240. కాబట్టి ఈ మకాముకు 100 వాట్ల ప్లేటు సరిపోతుంది. 40 వాట్లది తక్కువకు వస్తుందని కొంటే వారం తిరగకుండా బ్యాటరీ అడుగంటుతుంది. తప్పంతా బ్యాటరీ మీదికి పోతుంది.

బ్యాటరీ ఏది?

ముందుగా ఒక మాట. వ్యాను స్టార్టు చేసే బ్యాటరీకి బల్బులు, ఫ్యాను తగిలించవద్దు. అది ఇంజను తిప్పడానికి ఒక్క క్షణం పెద్ద కరెంటు ఇచ్చేందుకు చేసింది. రాత్రంతా కొద్దికొద్దిగా తోడితే నాలుగు నెలల్లో చెడుతుంది. పొలం మధ్యలో తెల్లారి బండి కదలకపోతే నెట్టడానికి మనుషులు కూడా ఉండరు.

సోలారుకు వేరే బ్యాటరీ ఉండాలి. ఒక రోజు ఎండ లేకపోయినా నడవాలంటే రెండు రాత్రుల సరుకు, అంటే 480 వాట్ అవర్లు నిలవ ఉండాలి. సీసం బ్యాటరీని సగానికి మించి వాడకూడదు కాబట్టి 960 కావాలి. 12తో భాగిస్తే 80 ఏ.హెచ్. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 శాతం దాకా వాడుకోవచ్చు. దానికి 600 చాలు, 50 ఏ.హెచ్. సరిపోతుంది.

సీసం బ్యాటరీ మొదట్లో చవక. కానీ ఇరవై కిలోల పైన బరువు, సగం సగం వాడినా కొన్ని వందల సార్లకు ముసలిదవుతుంది. లిథియంది ఆరేడు కిలోలు, రెండు వేల సార్లు చార్జి చేసినా నడుస్తుంది. ఏటా వలస పోయేవారికి నా ఓటు లిథియానికే. ఒక్క సీజనుకే అయితే, ఊళ్లో బాగుచేసే మనిషి ఉంటే, సీసందే తీసుకోండి. అయితే నీళ్లు పోసే రకం వ్యానులో వద్దు. గతుకుల్లో యాసిడ్ చిందుతుంది. చార్జి అయ్యేటప్పుడు మండే వాయువు వదులుతుంది, పక్కనే మన పొయ్యి, పైన మన పడక. సీలు వేసినదే తీసుకుని, దానికీ గాలి ఆడే చోటు చూడండి.

పాత ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీలు తక్కువకు దొరుకుతున్నాయని కొందరు తెచ్చుకుంటున్నారు. వాటి వోల్టులు వేరు, లోపలి రకం వేరు, లోపల ఏ సెల్లు దెబ్బతిన్నదో పైకి తెలియదు. నిద్రపోయే చోట పెట్టుకునే వస్తువు కాదది.

ఫ్యూజు లేని వైరు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. 12 వోల్టులే కదా, షాకు కొట్టదు కదా అని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. షాకు కొట్టదు, నిజమే. కానీ రెండు వైర్లు ఒకదానికొకటి తగిలితే చిన్న బ్యాటరీ కూడా వందల ఆంపియర్లు వదులుతుంది. వైరు పొయ్యిలో చువ్వలాగా ఎర్రబడుతుంది.

ఇందాక చెప్పిన మకాంలో జరిగింది అదే. వైరు కలిసి వస్తుందని నెగెటివును వ్యాను బాడీకే బిగించి, పాజిటివు ఒక్కటే బల్బు దాకా లాగారు. ఆ వైరును రేకుకు చేసిన రంధ్రంలోంచి తీశారు. రంధ్రం అంచుకు ఏమీ తొడగలేదు. గతుకుల రోడ్ల మీద నెల రోజులు రాసుకుని తొడుగు తెగింది. ఒక రాత్రి రేకుకు తగలగానే బ్యాటరీ దాకా వైరు మొత్తం కాలింది. మధ్యలో ఫ్యూజు లేదు. వైరు పక్కన మడిచి పెట్టిన గొంగడి పొగలేసింది. దానికి రెండడుగుల దూరంలో ఆ రోజే పుట్టిన పిల్లలు గంపలో ఉన్నాయి. పెద్దాయనకు నిద్ర పట్టకపోవడం వల్ల బతికిపోయాయి. "దగ్గొచ్చి లేచిన సారూ, లేకుంటే లేద్దునా" అన్నాడాయన.

కాబట్టి బ్యాటరీ పాజిటివు నుంచి జానెడు దూరం లోపలే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. ఫ్యూజు బ్యాటరీ దగ్గరే ఉండాలి. దూరంగా పెడితే మధ్యలో ఉన్న వైరుకు రక్షణ ఉండదు. కార్లకు వాడే బ్లేడు ఫ్యూజు, దాని డబ్బా ఏ ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరైనా దొరుకుతాయి. బల్బులకు, ఫ్యానుకు వెళ్లే దారిలో 5 ఆంపియర్లది ఇంకొకటి పెట్టండి. ఫ్యూజు కాలితే దాని చోట రాగి పోగు చుట్టేవాళ్లున్నారు. నాలుగు ఫ్యూజులు వ్యానులో ఉంచుకుంటే ఆ అవసరం రాదు.

పాజిటివు, నెగెటివు రెండు వైర్లూ చివరిదాకా లాగండి, బాడీని వైరుగా వాడవద్దు. రేకులో రంధ్రం చేస్తే రబ్బరు బుష్షు తొడగండి. ప్లేటు నుంచి కంట్రోలరుకు, కంట్రోలరు నుంచి బ్యాటరీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడాలి. బల్బులకు ఒకటిన్నర చాలు. సన్న వైరు వాడితే ఏమవుతుందంటే, ప్లేటు 5 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు 4 మిల్లీమీటర్ల వైరులో పావు వోల్టు పోతుంది, ఒక మిల్లీమీటరు వైరులో దాదాపు ఒక వోల్టు పోతుంది. ఎండలో కష్టపడి చేసిన కరెంటు వైరును వేడి చేయడానికే సరి.

కంట్రోలరు అనేది ప్లేటుకూ బ్యాటరీకీ మధ్య కాపలాదారు. నిండగానే ఆపుతుంది, మరీ అడుగంటితే బల్బులు ఆర్పుతుంది. 100 వాట్ల ప్లేటు ఐదారు ఆంపియర్లే ఇస్తుంది, 10 ఆంపియర్ల కంట్రోలరు చాలు. కానీ ముందు ముందు ఇంకో ప్లేటు కలుపుకోవాలనుకుంటే ఇప్పుడే 20 ఆంపియర్లది తీసుకోండి. అందులో మీ బ్యాటరీ రకం ఎంచుకునే మీట ఉందో లేదో చూసి కొనండి. లిథియం బ్యాటరీని సీసం సెట్టింగు మీద వదిలేయడం చాలా చోట్ల జరుగుతున్న పొరపాటు. బిగించేటప్పుడు ముందు బ్యాటరీని కంట్రోలరుకు కలపాలి, తర్వాత ప్లేటును, చివరికి బల్బులను. విప్పేటప్పుడు దీనికి తలకిందులు.

ప్లేటు వ్యాను మీదా, నేల మీదా?

వ్యాను పైకప్పుకు బిగిస్తే దొంగ భయం తక్కువ, రోజూ తీసి పెట్టే పని ఉండదు. కానీ ఎండాకాలం వ్యానును చెట్టు నీడన పెట్టకుండా ఉండగలమా? ప్లేటులోని గడులన్నీ దండలో పూసల్లా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. ఒక్క కొమ్మ నీడ మూలకు పడినా మొత్తం దిగుబడి పడిపోతుంది. అందుకే కాపరులకు విడి ప్లేటే మేలని నాకనిపిస్తుంది. వ్యాను నీడలో ఉంటుంది, ప్లేటు ఐదారు మీటర్ల వైరుతో ఎండలో ఉంటుంది. చలికాలంలో దక్షిణానికి కొంచెం వాలుగా ఆనించండి. మే, జూన్ నెలల్లో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి చదునుగా పెట్టినా సరే.

అయితే మందలో మేకలు ఉంటే జాగ్రత్త. ఎత్తుగా, నున్నగా ఏది కనిపించినా ఎక్కి నిలబడటం వాటి గుణం. ప్లేటు చుట్టూ ఒక వల కట్టండి. వైరు కూడా నోటికి అందకుండా చూడాలి.

పైకప్పుకే బిగించేవారు ప్లేటుకూ రేకుకూ మధ్య రెండంగుళాలు గాలి ఆడేట్టు ఖాళీ వదలాలి. ఫ్రేము వెల్డింగు చేయించి బండి ఆకారం, ఎత్తు మార్చాలనుకుంటే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. ఆర్.సి.లో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చుకోవడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు.

ముసురు పట్టినప్పుడు

రెండు మూడు రోజులు ఎండ లేకపోతే ముందు ఫ్యాను ఆపండి. 90 మిగులుతుంది. తర్వాత పెద్ద ఫోనులో సినిమాలు ఆపండి. దొడ్డి బల్బు, మీటల ఫోను మాత్రం ఆపవద్దు, ఆ రెండింటికీ కలిపి 35 మాత్రమే. సీసం బ్యాటరీ అయితే మీటరు పెట్టి చూడండి. బల్బులన్నీ ఆర్పి గంట ఆగాక 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగమైనట్టు. లిథియంలో వోల్టులను నమ్మలేం. చాలాసేపు 13 చుట్టూనే ఉండి, అయిపోయే ముందు ఒక్కసారిగా పడిపోతుంది.

వ్యాను ఇంజను నుంచి కూడా చార్జి చేసుకుందామంటే లిథియం బ్యాటరీని నేరుగా కలపవద్దు. అది ఎంత ఇస్తే అంత లాగుతుంది, డైనమో వేడెక్కి కాలిపోవచ్చు. మధ్యలో డి.సి.-డి.సి. చార్జరు ఉండాలి.

మకాం ఎత్తే రోజు ప్లేటును ముందు రోజు సాయంత్రమే గుడ్డతో తుడిచి, గొంగడిలో చుట్టి, అద్దం వైపు వ్యాను గోడకు ఆనేట్టు నిలబెట్టి కట్టండి. నీళ్ల డ్రములు దాని మీదికి ఒరగకుండా చూడండి. కొత్త మకాంలో దిగగానే, గొర్రెలను దొడ్డికి తోలక ముందే, ఫ్యూజు డబ్బా మూత తీసి ఒకసారి చూసి, వైరు రేకుకు ఎక్కడైనా రాసుకుందేమో చేత్తో తడిమి, అప్పుడు ప్లేటు కలపండి.