మంచం మోసిన నలుగురు



ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో గుణదలలో జరిగే మరియమాత తిరునాళ్ళకు మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. 1924లో ఫాదర్ ఆర్లాటిగారు అక్కడ మరియమాత స్వరూపాన్ని నెలకొల్పారు. నాటినుండి నేటివరకు ఇంట్లో రోగి ఉన్నవారు ఆ కొండకు వచ్చి మ్రొక్కుకొంటూనే ఉన్నారు. రెండవ జాన్ పాల్ పోపుగారు 1992లో అదే ఫిబ్రవరి 11ను ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించారు.

"మా ఆయన బ్రతికి బయటపడితే నీ కొండెక్కుతాను తల్లీ" అని మ్రొక్కుకొన్న ఇల్లాలు, ఆయన బ్రతికాక మ్రొక్కు తీర్చుకొంటుంది. మ్రొక్కు తీరింది సరే, జబ్బు తీరిందా? ఈ వారం మన పాఠం దాని గురించే.

ఇంటి పెద్దకు పక్షవాతం వచ్చిందనుకోండి. మొదటి వారం బెజవాడ ఆసుపత్రి వరండా చుట్టాలతో నిండిపోతుంది. పండ్లు, కొబ్బరిబొండాలు, ప్రార్థనలు. ప్రాణగండం తప్పిందని డాక్టరుగారు చెప్పగానే అందరూ "దేవునికి స్తోత్రం" అని ఎవరి ఊరు వారు వెళ్ళిపోతారు. మూడో నెలలో వచ్చి చూడండి. కుడిచెయ్యి లేవని మనిషి, నడుం పడిపోయిన భార్య, వాకిట్లో ఎవరూ తొడగని ఆయన చెప్పులు. అంతే.

మార్కు సువార్త రెండవ అధ్యాయం తీసి చదవండి. పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చారు. గుమ్మంలో జనం ఉన్నారని వెనుదిరగలేదు. పైకప్పు విప్పి పడకను దించారు. క్రీస్తునాథుడు వారి విశ్వాసాన్ని చూచెనని సువార్తికుడు చెబుతున్నాడు. చనిపోయినవానిని మోయడానికి నలుగురు కావాలని మన పెద్దలంటారు. కోలుకొనేవానిని మోయడానికీ నలుగురు కావాలి, అదీ నెలల తరబడి.

మొదటి కొమ్ము శరీరానిది. పక్షవాతం తరువాత కోలుకోవడం మొదటి మూడు నెలలలో వేగంగా ఉంటుంది. ఆ తరువాత నెమ్మదిస్తుంది గాని ఆగిపోదు. కనుక ఫిజియోథెరపీ వారు నేర్పిన కసరత్తు రోజూ చేయించండి. కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పితే పుండ్లు పడవు. మింగగలడో లేదో డాక్టరు చూడకముందే నోట్లో జావ పోయవద్దు, ఊపిరితిత్తులలోకి పోతుంది. పావురం రక్తం రాయమనేవారి మాట వినవద్దు. బాగానే ఉన్నాడు కదా అని బి.పి. మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు. మళ్ళీ మూతి వంకరపోయినా, మాట తడబడినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే మందు సుమారు నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి.

రెండవ కొమ్ము మనసుది. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరిని దిగులు జబ్బు పట్టుకొంటుంది. ఏడుస్తాడు, కసురుకొంటాడు, అన్నం నెట్టేస్తాడు. అది పొగరు కాదు, డాక్టరుకు చెప్పవలసిన సంగతి. మాట రానివాడికి బుద్ధి లేదనుకొని ఆయన ఎదుటే ఆయన గురించి మాట్లాడకండి. మన ఆంధ్ర లొయోలా కళాశాలకు పేరిచ్చిన లొయోలా ఇగ్నేషియస్ వారి సంగతి గుర్తుంచుకోండి. 1521లో ఫిరంగిగుండు తగిలి కాలు విరిగి, చావు అంచుదాకా వెళ్ళి, నెలల తరబడి మంచం పట్టారు. ఆయనను చూసుకొన్నది వదినగారు మగ్దలేనా. చదువుకోవడానికి వీరగాథలు అడిగితే ఇంట్లో ఉన్న క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్ర దొరికాయి. ఆ మంచం మీదనే ఆయన బ్రతుకు మలుపు తిరిగింది. రోగికి మందొక్కటే చాలదు, మనసుకూ పని కావాలి.

మూడవ కొమ్ము సేవచేసే మనిషిది. ఆమె నవ్వుతూ "బాగానే ఉన్నానండీ" అంటుంది. నమ్మకండి. "ఏమైనా కావాలంటే చెప్పమ్మా" అంటే ఆమె ఎన్నడూ అడగదు. "వదినా, బుధవారం పొద్దున నేను అన్నయ్య దగ్గర కూర్చుంటాను, నువ్వు కాసేపు పడుకో" అనండి. నాట్లప్పుడూ కోతలప్పుడూ ఆ ఇంటివారు పొలం పోవలసివస్తే, ఇరుగుపొరుగు ఒక పూట కాపలా ఉండవచ్చు. దూరాన ఉన్న కొడుకులు డబ్బు పంపడంతో సరిపెట్టక, ఏడాదిలో కొన్ని రోజులైనా వచ్చి అమ్మకు రాత్రి నిద్ర ఇవ్వాలి.

నాలుగవ కొమ్ము విచారణది. గురువును పిలిస్తే చావు దగ్గరపడిందని రోగి భయపడతాడేమోనని ఇప్పటికీ కొందరు పిలవరు. పూర్వం అవస్థ అభ్యంగనమని పిలిచేవారు గనుక ఆ భయం. రెండవ వాటికన్ మహాసభ 1963లోనే దానిని వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అనడమే తగినదని చెప్పింది. అది చివరి ఘడియకు మాత్రమే కాదు. జబ్బు మళ్ళీ ముదిరితే మళ్ళీ పొందవచ్చు. గుడికి రాలేనివారికి దివ్యసత్ప్రసాదం ఇంటికే తెమ్మని గురువును అడగండి. మరియదళంవారు మూడో నెలలోనూ ఆ గడప తొక్కాలి.

కుటుంబంలో కలిసి ఆలోచించుకోండి:

1. మన వీధిలో జబ్బునుండి బయటపడి అందరూ మరచిపోయినవారెవరు?
2. ఆ ఇంట్లో సేవచేస్తున్నదెవరు? ఆమె ఆఖరుసారి ఆదివారం పూజకు వచ్చిందెప్పుడు?
3. ఏ రోజు, ఏ పూట, మనలో ఎవరు వెళతాం?

మూడవ ప్రశ్నకు జవాబును ఈ రాత్రే క్యాలెండరు మీద రాసిపెట్టండి.