ఒక రోజు ముందే బయల్దేరు

తెనాలి
19-1-2026

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మాదాపూర్ కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి రమ్మని మెయిల్ వచ్చిందని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో అంత సంతోషం విని చాలా రోజులైంది. ఆ వెంటనే నువ్వు వేసుకున్న ప్లాను కూడా చెప్పాడు. ముందురోజు పొద్దుగూకాక స్కూటీ మీద చీరాల వచ్చి, జనరల్ బోగీ ఎక్కి, తెల్లారి సికింద్రాబాద్‌లో దిగి, స్టేషన్లోనే మొహం కడుక్కుని తొమ్మిదిన్నరకల్లా కంపెనీ గేటు దగ్గర ఉంటావట. మళ్లీ ఆ రాత్రికే తిరుగు రైలట. ఈ ప్లాను మార్చుకో తల్లీ. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను.

రైల్వే బుకింగ్ కౌంటర్లో ఉద్యోగమంతా గడిపినవాణ్ణి. పరచూరు, ఇంకొల్లు, మార్టూరు వైపు నుంచి ఫైలు చంకలో పెట్టుకుని ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలకు నా చేత్తోనే టికెట్లు ఇచ్చాను. తిరిగొచ్చాక అడిగితే చాలామంది ఒకటే మాట చెప్పేవాళ్లు: "తెలిసిన ప్రశ్నే అంకుల్, ఆ టైముకు తట్టలేదు." ఎందుకు తడుతుంది? రాత్రంతా బాత్రూం పక్కన నిలబడి వెళ్లిన పిల్లవాడికి తన పేరే తట్టదు. కూకట్‌పల్లిలో ఉండే పిల్ల ఆ పొద్దున తన మంచం మీదే నిద్ర లేచి, అమ్మ పెట్టిన ఇడ్లీ తిని మెట్రో ఎక్కుతుంది. ఆమెకు ఊరికే వచ్చిన ఆ రాత్రి నిద్ర నువ్వు డబ్బు పెట్టి కొనుక్కోవాలి. కొనుక్కో. ఒక రోజు ముందే చేరు. ఆ ఖర్చు దుబారా అని మనసులో పెట్టుకోవద్దు.

నువ్వు ఎందుకు లెక్క చూస్తున్నావో నాకు తెలుసు. 2021-22లో నల్లతామర పురుగు పూత మీద పడి మిరప తోటలకు తోటలు మాడిపోయినప్పుడు నువ్వు ఇంట్లోనే ఉన్నావు, చూశావు. క్వింటా ఇరవై వేలు దాటి పలికిన కాయ నిరుడు అందులో సగానికి పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలని ప్రకటిస్తే, అదన్నా వస్తే చాలని గుంటూరు మిర్చి యార్డు ముందు రైతులు ఎదురుచూశారు. ఇలాంటి దెబ్బ మన ఇంటికి కొత్త కాదు. 1987లో పత్తికి తెల్లదోమ పట్టింది. కొట్టిన మందల్లా అప్పుగా మిగిలింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ఆ మందే తాగి చనిపోయారు. ఆ ఏడాది తర్వాతే మీ తాతయ్య మా అన్నదమ్ములిద్దరిలో ఒకణ్ణి పొలంలో ఉంచి, ఒకణ్ణి రైల్వే పరీక్షలకు పంపాడు. పొలంలో ఉండిపోయినవాడు మీ నాన్న. నాకొచ్చిన నెల జీతంలో, ఇప్పుడొస్తున్న పెన్షన్‌లో వాడి చెమట ఉంది. కాబట్టి ఈ ప్రయాణం ఖర్చు నాది. ఈ విషయంలో నువ్వు గానీ వాడు గానీ మొహమాటపడితే నాకు కోపం వస్తుంది.

ఇక టికెట్టు. ఇంటర్వ్యూకి ఇంకా రెండు వారాలుంది, తత్కాల్ దాకా ఆగాల్సిన పని లేదు. చీరాల నుంచి రాత్రి పూట సింహపురి ఉంది, నారాయణాద్రి ఉంది. నారాయణాద్రి గుంటూరు వైపు తిరిగి, నడికుడి దాటాక విష్ణుపురం దగ్గర కృష్ణను దాటి, నల్లగొండ మీదుగా లింగంపల్లి దాకా వెళ్తుంది. గచ్చిబౌలి, మాదాపూర్ పనికి అదే మేలు. స్లీపర్ బోగీలో ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు లేడీస్ కోటా బెర్తులుంటాయి. ఐఆర్‌సీటీసీలో కోటా దగ్గర అది ఎంచుకోవాలి. ఈ సంగతి తెలియక ఎంతోమంది ఆడపిల్లలు వెయిటింగ్ లిస్టులో పడుతుంటారు. పై బెర్తు అడుగు. అక్కడైతే ఎవరూ వచ్చి కూర్చోరు, ఎక్కగానే పడుకోవచ్చు. వెయిటింగ్ టికెట్టుతో స్లీపర్ ఎక్కి టీటీఈని బతిమాలుకోవచ్చని ఎవరైనా చెబితే వినకు, ఆ రోజులు పోయాయి.

ఒకవేళ కంపెనీ వాళ్లు తేదీ మారిస్తే, మారుస్తుంటారు కూడా, అప్పుడు తత్కాలే గతి. స్లీపర్‌కు ముందురోజు పదకొండింటికి తెరుస్తారు. 2025 జూలై నుంచి ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ లేకపోతే ఆన్‌లైన్లో తత్కాల్ రాదు. అది ఇప్పుడే చేసి పెట్టుకో, పదకొండింటికి ఓటీపీ కోసం తంటాలు పడొద్దు. తిరుగు టికెట్ తీసేటప్పుడు తేదీ జాగ్రత్త. అర్ధరాత్రి పన్నెండు దాటాక ఎక్కే రైలుకు మర్నాటి తేదీ వేయాలి. డిగ్రీలు చదివినవాళ్లు కూడా ఇక్కడ తప్పుతారు, రైలు నిన్ననే వెళ్లిపోయిందని మేం చెప్పేదాకా వాళ్లకు తెలియదు.

రైలు కన్నా నాకు భయం మన ఊరి నుంచి చీరాల దాకా ఉన్న రోడ్డు. ఇది కోతల కాలం. పత్తి వేసుకున్న ట్రాక్టరు ట్రక్కు రోడ్డంత వెడల్పున ఉబ్బి ఉంటుంది, వెనక లైటు ఉండదు. చీకట్లో దగ్గరికి వెళ్లేదాకా కనపడదు. మిర్చి టిక్కీల లారీలు రాత్రికే గుంటూరు యార్డు చేరాలని తొందరలో ఉంటాయి. తారు అంచున కాయ ఆరబోసి, పరదా ఎగరకుండా రాళ్లు పెడతారు. ఆ రాళ్లు తీయకుండానే వెళ్లిపోతారు కొందరు. కాబట్టి ఎండ ఉండగానే, నాలుగింటికల్లా బయల్దేరు. స్టేషన్లో కొన్ని గంటలు ఊరికే కూర్చున్నా నష్టం లేదు. హెల్మెట్ అద్దం దించుకో, కల్లాల పక్కన ఘాటు కళ్లలో పడితే బండి ఎటు పోతుందో తెలియదు. డొంకలో అడ్డంగా పడితే రెండు కిలోమీటర్లు కలిసొస్తాయని నీకు అలవాటు. నాలుగు చినుకులు పడినా నల్లరేగడి మట్టి మడ్‌గార్డులో కూరుకుపోయి చక్రం తిరగదు. తారు రోడ్డే పట్టు.

ఇంటర్వ్యూ బట్టలు ఒంటి మీద వేసుకుని బయల్దేరకు. సంచిలో వేరే కవరులో పెట్టుకో. బండి స్టాండులో పెట్టి, హెల్మెట్ బండికే తాళం వేసి, టోకెను ఫోటో తీసుకో. కాగితం పోయినా ఫోటో ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు రైలు చీకటితో చీరాల చేర్చినా వెంటనే బండి తీయొద్దు. పొలాల మీద మంచు దిగి ఉంటుంది. తెల్లగా తెల్లారేదాకా ఆడవాళ్ల వెయిటింగ్ హాల్లో కూర్చో. రైల్లో ఏ ఇబ్బంది వచ్చినా 139కి ఫోన్ చెయ్యి, మొహమాటం వద్దు.

మెయిల్లో అడ్రసు పూర్తిగా చదివావా? పెద్ద కంపెనీలకు ఒక్క హైదరాబాదులోనే రెండు మూడు క్యాంపస్‌లు ఉంటాయి. ఇన్ఫోసిస్‌కు గచ్చిబౌలిలో ఉంది, ఊరికి అవతలి కొసన పోచారంలోనూ ఉంది. టీసీఎస్‌ది ఒకటి ఆదిబట్లలో. నీది మాదాపూరే అన్నాడు మీ నాన్న, అయినా బిల్డింగ్ పేరు, ఏ గేటు అనేది చూసుకో. నారాయణాద్రి దొరక్క సింహపురిలో వెళ్తే సికింద్రాబాద్‌లో దిగు. స్టేషన్ ఎదురుగానే మెట్రో, రాయదుర్గం వెళ్లే బండి ఎక్కితే ఎక్కడా మారకుండా హైటెక్ సిటీలో దిగొచ్చు. దిగిన రోజే ఒకసారి ఆ గేటు దాకా వెళ్లి, ఎంతసేపు పట్టిందో చూసుకుని రా. తర్వాత అమీర్‌పేటలోనో మాదాపూర్‌లోనో లేడీస్ హాస్టల్లో రోజు కిరాయికి గది తీసుకుని, అన్నం తిని, నిద్రపో. పుస్తకం తెరవొద్దు.

లోపల ఏం మాట్లాడాలో నీకు చెప్పేంత చదువు నాకు లేదు. ఒక్కటి మాత్రం చెప్తాను. మీ గురించి చెప్పమంటే అందరూ బట్టీ పట్టిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలు అప్పజెబుతారు. నువ్వు నిరుడు మిరప కోతల లెక్క చెప్పు. కర్నూలు వైపు నుంచి వచ్చిన కూలీల ముఠాకు రోజూ కాటా, అడ్వాన్సు, మిగులు రాసి పెట్టింది నువ్వే కదా. ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్ల కూలి కలిసిపోయి గొడవైతే, ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చి సరిచేశావు. దాన్నే మా క్లాసులో ప్రైమరీ కీ అంటారు పెదనాన్నా అని సంక్రాంతికి నువ్వే నాకు చెప్పావు. తాలు వేరు చేయడం, కోల్డ్ స్టోరేజీ బాండు తేదీలు, తేజ ధర ఒకటి, 334 ధర ఒకటి, ఇవన్నీ నీ ఫోన్లో పట్టికలుగా ఉన్నాయి. ఆ పట్టికలే చూపించు. పల్లెటూరి సంగతని దాచుకోవద్దు. ఒకరి డబ్బు ఇంకొకరికి పోకుండా కాపాడిన లెక్క అది, ఏ ఆఫీసులోనైనా దానికి విలువ ఉంటుంది. ఇంగ్లీషు ఆగితే ఆగనీ. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమను, సిగ్గుపడి సగం అర్థమైనదానికి జవాబు చెప్పొద్దు.

ఇంకో సంగతి గట్టిగా చెప్తున్నాను. డిపాజిట్ కట్టండి, ట్రైనింగ్ ఫీజు కట్టండి, బ్యాక్‌డోర్‌లో ఆఫర్ లెటర్ ఇప్పిస్తాం అని ఎవరన్నా, వాళ్లు ఎంత తెలిసినవాళ్లైనా, లేచి వచ్చేయ్. నిజమైన కంపెనీ ఉద్యోగానికి నీ దగ్గర రూపాయి తీసుకోదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించు, చేతికిచ్చి రాకు. జిరాక్సులు రెండు సెట్లు తీసుకెళ్లు.

ఉద్యోగం వస్తే స్కూటీ హైదరాబాదుకు ఎలా తెచ్చుకోవాలని కూడా మీ నాన్నను అడిగావట. పార్సిల్ ఆఫీసులో బుక్ చేయొచ్చు. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్సీ జిరాక్సు, నీ గుర్తింపు కార్డు కావాలి, గోనె పట్టాతో ప్యాకింగ్ చేయించాలి. ఆ పని నేను వచ్చి దగ్గరుండి చేయిస్తాను.

డబ్బు మీ నాన్న ఖాతాలో వేయలేదు, ఎరువుల కొట్టుకు పోతుంది. నీ ఖాతాలోనే వేశాను, హాస్టల్ ఖర్చు కూడా కలిపి. రేపు సాయంత్రం లోపు రెండు టికెట్లూ తీసి, పీఎన్ఆర్ నంబర్లు నాకు పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న